ఊరిని జరిపి కట్టిన ఇల్లు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. మనలాంటి వాళ్ళకు ఇల్లు కట్టడమంటే ముందు స్థలం వెతుక్కోవాలి, ఇరుగుపొరుగుతో గోడ తగాదా రాకుండా చూసుకోవాలి, ఉన్న వీధికి తగ్గట్టు గుమ్మం పెట్టుకోవాలి. వీధిని బట్టి ఇల్లే గాని, ఇంటిని బట్టి వీధి కాదు. ఈ పూట నేను చెప్పబోయే ఇంటి సంగతి ఇందుకు తలకిందులు. ఆ ఇంటి కోసం దారి మళ్ళించారు. దారినే కాదు, ఊరినే లేపి అవతల పెట్టారు. ఆ ఇంటి పేరు కెడిల్‌స్టన్ హాల్. ఇంగ్లండు దేశం నడిమి భాగంలో, డార్బీషైర్ అనే జిల్లాలో, డార్బీ పట్టణానికి వాయవ్యంగా నాలుగైదు మైళ్ళ దూరంలో ఉంది.

ఎక్కడి డార్బీ, ఎక్కడి గంజాం అని మీకు అనిపించవచ్చు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ఇంచుమించు ఇదే అడిగాడు. ఆ రోజు చరిత్ర పాఠంలో లార్డ్ కర్జన్ గురించి, 1905లో జరిగిన బెంగాలు విభజన గురించి చెబుతున్నాను. "మాస్టారూ, ఆయన ఎక్కడో పుట్టినవాడు కదా, ఇక్కడ గీత ఎక్కడ గీయాలో ఆయనకెలా తెలుసు?" అన్నాడు. దానికి జవాబు పాఠ్యపుస్తకంలో లేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెతుక్కుంటూ పోతే చివరకు ఆ కర్జన్ పుట్టిన ఇంటి దగ్గరకు చేరాను. ఆ ఇంటి కథే ఈనాటి ప్రసంగం.

ముందు ఇలాంటి ఇళ్ళ గురించి రెండు మాటలు. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దంలో పెద్ద భూస్వాములు పల్లెపట్టున భవనాలు కట్టుకునేవారు. పేరుకు ఇల్లే గాని, అది వేల ఎకరాల ఎస్టేటుకు కచేరీ కూడా. చుట్టూ ఉన్న భూములను కౌలుదార్లు సాగుచేసి ఏటా కౌలు చెల్లించేవారు. ఆస్తిని అన్నదమ్ములు పంచుకునే ఆచారం లేదు. సాధారణంగా పెద్దకొడుక్కే మొత్తం దక్కేది. అందువల్ల ఎస్టేటు ముక్కలు కాకుండా తరతరాలు నిలిచేది. ఆ భూమి బలంతోనే పార్లమెంటులో స్థానం, ఆ స్థానంతోనే దేశంలో పలుకుబడి. మన జమీందారీల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. కారన్‌వాలిస్ 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినప్పుడు, 1802 నుంచి మన ఉత్తర సర్కారుల్లో దాన్ని అమలు చేసినప్పుడు, ఆ దొరల మనసులో ఉన్న నమూనా ఈ ఇంగ్లీషు భూస్వామే.

కెడిల్‌స్టన్‌లో కర్జన్ వంశం వాళ్ళు పన్నెండో శతాబ్దం నుంచి ఉన్నారు. ఆ వంశానికి ఒక నినాదం ఉంది. కర్జన్ చేతికి వచ్చినది కర్జన్ చేతిలోనే ఉండాలి అని దాని తాత్పర్యం. ఈ నినాదాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

1758లో నతానియల్ కర్జన్ అనే ముప్పై ఒక్కేళ్ళ యువకుడు తండ్రి మరణంతో ఎస్టేటుకు వారసుడయ్యాడు. అప్పటికే పార్లమెంటు సభ్యుడు. బొమ్మలన్నా, శిల్పాలన్నా, పాత రోము నగరమన్నా ఆయనకు ప్రాణం. సరిగ్గా ఆ ఏడాది డిసెంబరులోనే మన దగ్గర పిఠాపురం సమీపాన చందుర్తి యుద్ధం జరిగింది. విజయనగరం ఆనందగజపతి సాయంతో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. అక్కడ ఇంటి పని సాగుతుండగా, 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పరమయ్యాయి. ఈ రెండింటికీ పొత్తు ఉందని నేను అనడం లేదు. కెడిల్‌స్టన్ ప్రధానంగా ఇంగ్లండు పొలాల కౌలు మీద లేచిన ఇల్లు. కాని కాలం ఒక్కటే. అక్కడ రాతి స్తంభాలు లేస్తున్న రోజుల్లోనే ఇక్కడ మన నేల చేతులు మారుతోంది.

నతానియల్ తండ్రి తాతల నాటి ఎర్ర ఇటుకల ఇంటిని పడగొట్టించాడు. అది చెడిపోయిన ఇల్లేమీ కాదు. కొత్త యజమాని అభిరుచికి పాతబడింది, అంతే. దాని పక్కనే కెడిల్‌స్టన్ గ్రామం ఉండేది. ఇళ్ళు, వాకిళ్ళు, చర్చి, ఊరి మీదుగా పోయే రహదారి అన్నీ ఉండేవి. కొత్త ఇంటి గుమ్మంలో నిలబడితే కనుచూపు మేర పచ్చిక, చెట్లు, నీళ్ళు మాత్రమే కనిపించాలని యజమాని కోరిక. 1760 ప్రాంతంలో రహదారిని దూరంగా మళ్ళించారు. గ్రామాన్ని తీసి మరోచోట పెట్టారు. చిన్న వాగుకు అడ్డుకట్టలు వేసి సరస్సులుగా మార్చారు. దాని మీద మూడు కమానుల రాతి వంతెన కట్టారు. ప్రయాణికుల కోసం దూరాన కొత్త రహదారి పక్కన ఒక సత్రం కట్టించారు.

ఊరంతా పోయినా ఒక్క కట్టడం కదలలేదు. అది చర్చి. ఏడెనిమిది వందల ఏళ్ళనాటి ద్వారం ఈనాటికీ దానికుంది. లోపల కర్జన్ వంశీకుల సమాధులున్నాయి. అంటే బతికున్న గ్రామస్థులు వెళ్ళిపోయారు, చనిపోయిన ప్రభువులు ఉండిపోయారు.

ఇది ఒక్క కెడిల్‌స్టన్ కథ కాదు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర న్యూనమ్ కోర్ట్‌నీ, డార్సెట్‌లో మిల్టన్ ఆబాస్ వంటి ఊళ్ళనూ ఆ కాలంలోనే ప్రభువుల వేడుక కోసం ఇలాగే తరలించారు. 1770లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ 'డిజర్టెడ్ విలేజ్' అనే కావ్యం ప్రచురించాడు. మనలో కాలేజీ చదువు చదివిన పెద్దలు చాలామంది దాన్ని పాఠంగా చదువుకునే ఉంటారు. కవి కంటతడికి వెనక ఇలాంటి నిజం ఉందని అప్పుడు మనకెవరూ చెప్పి ఉండరు.

ఇక ఇంటి కట్టడం దగ్గరకు వద్దాం. దీనికి ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు వాస్తుశిల్పులు పనిచేశారు. మొదట మాథ్యూ బ్రెటింగమ్, ఆ తరువాత జేమ్స్ పెయిన్, చివరకు రాబర్ట్ ఆడమ్. ఆడమ్ స్కాట్లండువాడు. ఇటలీలో కొన్నేళ్ళుండి పాత రోమను శిథిలాలను కొలిచి, బొమ్మలు గీసుకుని 1758లో తిరిగి వచ్చాడు. మొదట అతనికి అప్పగించినవి తోటలోని చిన్న కట్టడాలు మాత్రమే. అతని గీతలు చూసి ముచ్చటపడి, 1760లో ఇంటి పనంతా నతానియల్ అతనికే ఒప్పగించాడు. అప్పటికి ఆడమ్ వయసు ముప్పై దాటింది, అంతే. తరువాతి రోజుల్లో ఇంగ్లండులో ఇళ్ళ లోపలి అలంకరణకు ఆడమ్ శైలి అని పేరే స్థిరపడింది.

ఇంటి పథకానికి మూలం పల్లాడియో అనే పదహారో శతాబ్దపు ఇటలీ శిల్పి ఆలోచన. నడుమ పెద్ద భవనం. దాని నాలుగు మూలల నుంచి నాలుగు వంపు తిరిగిన వసారాలు. ఒక్కొక్క వసారా చివర ఒక్కొక్క చిన్న భవనం. ఒక మనిషి రెండు చేతులూ ముందుకు, రెండు చేతులూ వెనక్కు చాచినట్టు ఊహించుకోండి. కాని కెడిల్‌స్టన్‌లో ముందు వైపు రెండు చేతులే పూర్తయ్యాయి. వెనక వైపు రెండూ కాగితం మీదనే ఉండిపోయాయి. అంతటి ప్రభువుకూ ఖర్చు తలకు మించింది. ఇల్లు కట్టి చూడు అన్న సామెత మన ఒక్కరిది కాదు మరి.

ఉత్తరం వైపు ముఖద్వారం. ఆరు పెద్ద స్తంభాలు, వాటి మీద త్రికోణం ఆకారంలో కప్పు ముఖం. చూడగానే గ్రీకు, రోమను దేవాలయం గుర్తుకు వస్తుంది. దక్షిణం వైపు ముఖాన్ని ఆడమ్ వేరుగా తీర్చాడు. రోము నగరంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి విజయానికి గుర్తుగా కట్టిన తోరణద్వారం ఉంది. దాన్ని ఒరవడిగా పెట్టుకున్నాడు. అంటే ముందునుంచి వచ్చినవాడికి గుడి, వెనకనుంచి చూసినవాడికి చక్రవర్తి విజయతోరణం. మధ్యలో కాపురం ఉండేది మాత్రం ఒక భూస్వామి.

లోపలికి అడుగు పెడితే పాలరాతి మండపం. మార్బుల్ హాల్ అంటారు. ఇరవై స్తంభాలు. ఒక్కొక్కటి ఇరవై అయిదు అడుగుల ఎత్తు. నాటింగమ్‌షైర్‌లో దొరికే అలబాస్టర్ అనే లేత గులాబి చారల రాయి. ఈ మండపానికి గోడల్లో కిటికీలు లేవు. వెలుతురంతా కప్పు మీద అమర్చిన అద్దాల గుండా పైనుంచే దిగుతుంది. ఇదేమిటీ వింత అనుకోకండి. మన మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. చుట్టూ నాలుగు పంచలు, నడుమ ఆకాశం, పైనుంచి వెలుతురు, వాన పడితే నడుమ తొట్టిలోకి నీళ్ళు. పాత రోమనుల ఇళ్ళ పద్ధతీ అదే. నడుమ వాకిట్లోకి ఎండ, వాన రెండూ దిగేవి. ఆడమ్ ఆ రోమను వాకిలిని తలచుకునే ఈ మండపం కట్టాడు. కాకపోతే చలిదేశం కాబట్టి పైన అద్దం బిగించాడు. మన మండువాలో అమ్మమ్మలు వడియాలు పెట్టారు, పిల్లలు గచ్చకాయలాడారు. అక్కడ ఆ నడవలో ఎవరూ ఏ పనీ చేసుకునేవారు కాదు. వచ్చినవాడు తలెత్తి చూసి నివ్వెరపోవడం ఒక్కటే అక్కడ పని.

మండపం దాటితే గుండ్రని గది. సలూన్ అని పేరు. పైన గుమ్మటం. నేల నుంచి గుమ్మటం కొసకు అరవై రెండు అడుగులు. ఇది రోములోని పాంథియన్ ఆలయానికి అనుకరణ. దాని చుట్టూ సంగీతానికి ఒక గది, బొమ్మలకు ఒక గది, పుస్తకాలకు ఒక గది, రాజు వస్తే పడుకోవడానికి ఒక పడకగది.

మరి ఇంటివాళ్ళు ఎక్కడ ఉండేవారు? ఇక్కడే అసలు తమాషా ఉంది. నడిమి భవనం చూపడానికి. కుటుంబం కాపురం పక్కనున్న ఒక చిన్న భవనంలో. వంటశాల రెండవ పక్క భవనంలో. ఇల్లు చూడటానికి వచ్చే పెద్దమనుషులను ఇంటి పెత్తనం చూసే గార్నెట్ అనే ఆవిడ తిప్పి చూపించేది. అందరినీ ఎంతో మర్యాదగా తిప్పి చూపేదని అప్పటివాళ్ళు మెచ్చుకున్నారు. చేతిలో పుస్తకంతో నిలబడ్డ ఆమె చిత్రపటం ఒకటి వేయించారు కూడా. పనిచేసేవాళ్ళ చిత్రపటాలు ఆ రోజుల్లో అరుదు.

ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ 1777లో తన మిత్రుడు బాస్వెల్‌తో కలిసి ఈ ఇంటికి వచ్చాడు. అందరూ ఆహా అన్నచోట ఆయన పెదవి విరిచాడు. ఇది ఇల్లుగా కన్నా ఊరి కచేరీగా బాగా పనికొస్తుందని, స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చని ఎగతాళి చేశాడట. ఎగతాళిగా అన్నమాట సుమారు పాతికేళ్ళలో నిజమైంది. కాకపోతే ఆ కచేరీ లేచింది ఇంగ్లండులో కాదు, కలకత్తాలో.

1798లో వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా కలకత్తా వచ్చాడు. టిప్పు సుల్తాను పతనమైన 1799లోనే తనకు తగిన భవనం కట్టాలని మొదలుపెట్టి 1803కు పూర్తి చేయించాడు. వర్తకుడి కొట్టులో కూర్చుని దేశాన్ని ఏలలేం, దానికి రాజసౌధం కావాలి అన్నది ఆ కాలపు దొరల వాదన. లండనులోని కంపెనీ డైరెక్టర్లకు మాత్రం ఖర్చు చూసి గుండె గుభేలుమంది. పథకం గీసినవాడు బెంగాలు ఇంజనీర్ల దళంలోని ఛార్లెస్ వ్యాట్. ఇతని బంధువు శామ్యూల్ వ్యాట్ కుర్రతనంలో కెడిల్‌స్టన్ పనిలోనే చేయి తిరిగినవాడు. అందువల్ల పథకం ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు. నడుమ పెద్ద భవనం, నాలుగు వంపు వసారాలు, నాలుగు చిన్న భవనాలు. కెడిల్‌స్టన్‌లో రెండు చేతులతో ఆగిపోయిన మనిషికి కలకత్తాలో నాలుగు చేతులూ వచ్చాయి. ఇంగ్లండు భూస్వామికి సొంత డబ్బుతో కుదరనిది, ఇక్కడి శిస్తు సొమ్ముతో కుదిరింది.

తేడాలూ ఉన్నాయి. అక్కడ రాయి, అలబాస్టర్. ఇక్కడ ఇటుక, దాని మీద సున్నపు పూత. అక్కడ వంపు వసారాలు అందానికి. ఇక్కడ అవే నాలుగు దిక్కులా గాలి ఆడటానికి పనికివచ్చాయి. మన ఉక్కపోత ముందు ఎంతటి పథకమూ కొంత వంగక తప్పదు. హౌరా రైలెక్కి కలకత్తా వెళ్ళినప్పుడు నేనూ ఆ గేటు బయట నిలబడి చూశాను. స్వాతంత్ర్యం తరువాత అది రాజ్‌భవన్ పేరుతో పశ్చిమ బెంగాల్ గవర్నరు నివాసమయింది. లోపలికి పోయే పని మనకెందుకుంటుంది? గేటు బయట ఒక వేరుశెనక్కాయల బండి దగ్గర నిలబడి, ఇది ఎవరి ఇంటి అచ్చో కదా అనుకున్నాను.

ఇప్పుడు కథలోకి అసలు మనిషి వస్తాడు. జార్జ్ నతానియల్ కర్జన్. 1859 జనవరి 11న కెడిల్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి ఎస్టేటుకు ప్రభువే గాక ఆ చర్చికి మతగురువు కూడా. ఇంత పెద్ద ఇంట్లో పుట్టిన పిల్లవాడి బాల్యం సుఖంగా గడవలేదు. చదువు చెప్పడానికి పెట్టిన దొరసాని కఠినురాలు. అబద్ధాలకోరు, పిరికిపంద అని రాసిన శంఖాకారం కాగితపు టోపీ నెత్తిన పెట్టి అందరి ముందూ తిప్పేది. తనను కొట్టడానికి బెత్తం తయారు చేయమని ఇంటి నౌకరుకు ఆ పిల్లవాడి చేతనే చీటీ రాయించేది. కర్జన్ పెద్దయ్యాక కూడా వీటిని మరచిపోలేక రాసి పెట్టాడు. ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఈ భాగం చదివినప్పుడు నాకు మనసు కలుక్కుమంది. అవమానంతో పెంచిన పిల్లవాడు అందరూ అవమానపడతారని చూడడు, తానొక్కడే పడకూడదని చూస్తాడు.

1899 జనవరిలో ఆయన వైస్రాయిగా కలకత్తాలో దిగాడు. అప్పటికి నలభై ఏళ్ళు నిండబోతున్నాయి. ఏడు సముద్రాలు దాటి వచ్చి ఏ గుమ్మంలో అడుగుపెట్టాడు? తన ఇంటి గుమ్మంలాంటి గుమ్మంలోనే. ఈ పోలిక ఆయనకు బాగా తెలుసు. ఆ భవనం మీద, అందులో ఉన్న గవర్నర్ జనరళ్ళ మీద పెద్ద గ్రంథమే రాశాడు. 1925లో ఆయన చనిపోయాక అది అచ్చయింది.

ఇక్కడే మా పిల్లవాడి ప్రశ్నకు వస్తాను. 1903 డిసెంబరులో కర్జన్ ప్రభుత్వం తరఫున రిస్లీ అనే కార్యదర్శి సంతకంతో ఒక లేఖ వెలువడింది. బెంగాలు రాష్ట్రం మరీ పెద్దదైంది, దాన్ని విడదీయాలని అందులో ఉంది. అది దేశమంతటికీ తెలిసిన సంగతి. మనలో చాలామందికి తెలియనిది మరొకటి ఉంది. అదే లేఖలో ఒడియా మాట్లాడే ప్రాంతాలను ఒక్కచోట చేర్చాలని, అందుకోసం మద్రాసు నుంచి గంజాం జిల్లాను, గంజాం విశాఖపట్నం జిల్లాల ఏజన్సీ ప్రాంతాలను తెచ్చి కలపాలని ప్రతిపాదించారు. మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోలేదు. గంజాం అప్పటికి మద్రాసులోనే ఉండిపోయింది. సంబల్‌పూర్ మాత్రం 1905లో మారింది. ఆ ఏడాది అక్టోబరు 16న బెంగాలును రెండు ముక్కలు చేశారు.

తరువాతి కథ మీకు తెలుసు. దేశమంతా వందేమాతరం హోరెత్తింది. 1907లో బిపిన్ చంద్రపాల్ మన ప్రాంతాలు తిరిగి విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బందరు సభల్లో మాట్లాడాడు. రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువుకు స్వస్తి చెప్పవలసి వచ్చింది. ఉపాధ్యాయుడు కాబోతున్న యువకుడు బహిష్కృతుడై దేశం మెచ్చే నాయకుడయ్యాడు. చివరకు 1911లో ఢిల్లీ దర్బారులో బెంగాలు విభజన రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. అదే రోజు రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందనీ చెప్పారు. కెడిల్‌స్టన్ అచ్చులో పోసిన ఆ భవనం వైస్రాయిల స్థిరనివాసం కాకుండా పోయింది.

గంజాం మాట మాత్రం అక్కడితో ముగియలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం అందులోకి వెళ్ళింది. మా తాతగారు అప్పటికి చిన్నపిల్లవాడు. ముందురోజు రాత్రి మద్రాసు రాజధానిలో నిద్రపోయి, తెల్లవారి ఒరిస్సాలో లేచానని నవ్వుతూ చెప్పేవారు. ఇల్లు అదే, నుయ్యి అదే, పక్కింటి వాళ్ళూ వాళ్ళే. ఇందులో నేను ఎవరి పక్షమూ మాట్లాడటం లేదు. ఒడియా మాట్లాడే సోదరులు తమ వాళ్ళంతా ఒక్క గొడుగు కింద ఉండాలని ఎంతోకాలంగా కోరుకున్నారు. అది న్యాయమైన కోరికే. నేను బడిలో రెండు భాషల పిల్లలకూ పాఠం చెబుతాను. ఎవరి భాష వాళ్ళకు అమ్మ. కాని గీత ఎక్కడ గీసినా దానికి ఇవతల కొందరు, అవతల కొందరు మిగిలిపోతారు. బళ్ళారిలో, హోసూరులో, యానాంలో, చంద్రపూర్‌లో వింటున్న తెలుగువారికి నేను ఈ మాట విడమరచి చెప్పాలా?

కెడిల్‌స్టన్‌లో జరిగినదీ, మనకు జరిగినదీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ పేరు నిలిచింది, జనం కదిలారు. ఇక్కడ జనం నిలిచారు, పేరు కదిలింది. రెండు చోట్లా నిర్ణయించినవాడు దూరంగా ఎత్తున నిలబడి చూసినవాడు. కింద ఉన్నవాణ్ణి అడిగి నిర్ణయించలేదు. ఇక్కడ గీత ఎక్కడ గీయాలో ఆయనకెలా తెలుసు అని అడిగిన పిల్లవాడికి నేను చెప్పిన జవాబు ఇది. ఆయనకు తెలియదు నాయనా. కాని ఊరిని జరిపి కట్టిన ఇంట్లో పెరిగినవాడికి, తెలియకపోయినా జరపవచ్చనే ధీమా ఉంటుంది.

కర్జన్‌ను ఒక్క రంగుతో పూయడం కూడా న్యాయం కాదు. మన దేశంలోని పాత కట్టడాలు శిథిలమైపోతుంటే వాటికి రక్షణ కల్పించినవాడు ఆయనే. 1902లో జాన్ మార్షల్‌ను పురావస్తు శాఖకు అధిపతిగా తెచ్చాడు. 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం చేయించాడు. మన ఊళ్ళలో పాత గుళ్ళ దగ్గర కనిపించే నీలం బోర్డుల వెనక ఆ చట్టపు వారసత్వం ఉంది. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాక అక్కడి పాత కోటలు రెండు, టాటర్షల్, బోడియమ్ అనేవి, సొంత డబ్బుతో కొని బాగుచేయించి జాతికి రాసి ఇచ్చాడు. రాళ్ళను ప్రేమించినంతగా మనుషుల మాట వినగలిగి ఉంటే ఆయన చరిత్ర వేరుగా ఉండేది.

ఆసియాలో సేకరించిన దంతపు పనులు, లోహపు పాత్రలు, ఆయుధాలు, కానుకలు చివరకు కెడిల్‌స్టన్ చేరాయి. అక్కడ వాటికి ప్రత్యేకంగా ఒక ప్రదర్శనశాల ఉంది. వాటన్నిటిలో జనం ఎగబడి చూసేది ఒక గౌను. 1903 ఢిల్లీ దర్బారుకు కర్జన్ భార్య మేరీ ధరించిన నెమలి గౌను. ఆమె అమెరికాలో షికాగో వర్తకుడి కూతురు. గుడ్డంతా నెమలి కన్నులు. కన్నుల నడుమ ఆకుపచ్చగా మెరిసేవి రత్నాలు కావు, ఒక జాతి పురుగు రెక్కలు. ఆ జరీ పని చేసినవి మన దేశపు చేతులు. గౌనుగా కుట్టినది పారిస్ నగరంలో. మేరీ 1906లో చిన్న వయసులోనే పోయింది. ఆమె కోసం కర్జన్ ఆ పాత చర్చి పక్కన పాలరాతి సమాధి మందిరం కట్టించాడు. 1925లో తానూ అక్కడికే చేరాడు. కర్జన్ చేతికి వచ్చినది కర్జన్ చేతిలోనే ఉండాలన్న నినాదం ఆ నేల మీద ఆ మేరకు చెల్లింది.

కాని కాలం ఎవరి నినాదాన్నీ పట్టించుకోదు. రెండవ ప్రపంచ యుద్ధంలో కెడిల్‌స్టన్‌లో సైనికులు దిగారు. శత్రువుల రేడియో సంకేతాలను చాటుగా వినే కేంద్రం కూడా అక్కడ నడిచింది. రేడియో శ్రోతలకు ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను. యుద్ధం తరువాత వారసత్వపు పన్నులు, మరమ్మతుల ఖర్చులు ఇలాంటి ఇళ్ళ నడుము విరిచాయి. ఎన్నో భవనాలు నేలమట్టమయ్యాయి. కెడిల్‌స్టన్ 1987లో నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. ఒకప్పుడు ఊరివాళ్ళు కంటపడకూడదని కట్టిన ఇంట్లోకి టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ దారి దొరికింది. 2020 సెప్టెంబరులో ఆ సంస్థ ఒక నివేదిక ప్రకటించింది. తన అధీనంలోని భవనాల్లో వలస పాలనతోనూ, బానిస వ్యాపారంతోనూ సంబంధమున్న తొంభై మూడింటిని అందులో పేర్కొంది. వాటిలో కెడిల్‌స్టన్ ఒకటి. దాని మీద ఇంగ్లండులో పెద్ద రభసే జరిగింది. అందమైన ఇంటికి ఈ గొడవలెందుకు అన్నారు కొందరు. అందాన్ని ఎవరూ కాదనలేదు, లెక్క కూడా చెప్పమన్నారు, అంతే అన్నారు మరికొందరు. నాకు రెండవవారి మాటే సబబుగా తోస్తుంది. లెక్క చెప్పినంత మాత్రాన ఆ ఇరవై స్తంభాల అందం వీసమెత్తు తగ్గదు.

ఈ ప్రసంగం తయారు చేసుకుంటూ మా పిల్లలకు ఒక పని అప్పగించాను. మీ మీ ఊళ్ళలో పాత కోట, జమీందారు మేడ, సత్రం, చర్చి, మసీదు, ఏదైనా ఒకటి ఎంచుకోండి. కట్టించినవాడి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. అది రాసుకోండి. దానితోపాటు మూడు ప్రశ్నలు ఇంటి పెద్దలను అడిగి రండి. అది కట్టక ముందు ఆ చోట ఏముండేది? సున్నం నూరినవాళ్ళు, రాయి మోసినవాళ్ళు ఏ వాడ నుంచి వచ్చారు? అప్పుడు ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉండేది, అక్కడివాళ్ళు ఏ మాట మాట్లాడేవారు? పిల్లలు తెచ్చిన కాగితాలు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉన్నాయి. ఒకే మేడ గురించి ఇద్దరు పిల్లలు రెండు భాషల్లో రాశారు. రెండింటిలోనూ ముసలమ్మలు చెప్పిన కథ ఒక్కటే.

శ్రోతలారా, మీ ఇంట్లోనూ అలాంటి కథ చెప్పగల పెద్దవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. ఈ పూట రేడియో కట్టేశాక వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. కెడిల్‌స్టన్ నుంచి కదిలిపోయిన గ్రామస్థులు ఏమనుకున్నారో ఎవరూ కూర్చుని రాయలేదు. మనవాళ్ళు ఏమనుకున్నారో రాసుకోవడానికి మనకింకా వ్యవధి ఉంది.